సంవేదన అంటే బాధేనా?

సందేహం: విపశ్యన ధ్యాన శిబిరంలో ‘శరీరంలోని సంవేదనలను గమనించండి’ అన్నారు. వేదన అంటే బాధ కదా, బాధను ఎందుకు గమనించాలి? ‘స్పందనలు’ అనో ‘అనుభూతులు’ అనో అంటే సరిపోదా?

సమాధానం: ఈ మాటను బౌద్ధం వైపు నుంచి చూడాలి. బౌద్ధ గ్రంథాల భాష పాలిలో ‘వేదనా’ అంటే బాధ ఒక్కటే కాదు. సుఖమైనా, దుఃఖమైనా, రెండూ కానిదైనా వేదనే. ధ్యానం గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తంలో గమనించమన్న నాలుగింటిలో కాయం తర్వాతది ఇదే. బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకొని 1969లో మన దేశంలో శిబిరాలు మొదలుపెట్టిన ఎస్.ఎన్. గోయెంకా, ఒంట్లో తెలిసే వేడి, దురద, తిమ్మిరి, అదురు లాంటివాటినే సాధనకు ఆయువుపట్టు చేశారు.

వేదనకు మూలం ‘విద్’ ధాతువు, అంటే తెలియడం. వేదం, విద్య, నివేదన అక్కడివే. శిరోవేదన, ప్రసవవేదన అని వాడీ వాడీ మనకు నొప్పే మిగిలింది. సంస్కృతంలోనూ ఆ అర్థం ఉంది కాబట్టి తప్పు మనదొక్కళ్లదే కాదు లెండి.

విచిత్రమేమిటంటే, మన ‘తెలియు’ కూడా అచ్చం ఇలాంటిదే. ‘పాఠం తెలుసు’ అంటాం, ‘మత్తిచ్చాక నొప్పి తెలియలేదు’ అనీ అంటాం. ఒళ్లు తెలియని జ్వరం, ఒళ్లు తెలియని కోపం ఉండనే ఉన్నాయి.

గుండె కొట్టుకోవడం, ఆకలి, ఊపిరి లాంటివి లోపల్నుంచి తెలియడాన్ని శాస్త్రవేత్తలు ఇంటరోసెప్షన్ అంటారు. దానికి ‘అంతస్సంవేదన’ చక్కగా నప్పుతుంది. ధ్యానులకు ఇది బాగా ఎక్కువని అనుకుంటాం. కానీ 2008లో అచ్చయిన ఒక పరిశోధనలో, ధ్యానంలో ఆరితేరినవాళ్లు తమ గుండె చప్పుడు పట్టుకోవడంలో మామూలువాళ్లను మించలేదని తేలింది. సాధనలో అడిగేది పసిగట్టే నేర్పు కాదు. తెలిసినదాన్ని కావాలనో వద్దనో అనుకోకుండా ఊరికే చూడగలగడం.

అందుకే ‘స్పందన’ నాకు నచ్చదు. దురద తెలియడం సంవేదన, గోక్కోవడం స్పందన. అక్కడ మానుకోమనేదే రెండోది! ‘అనుభూతి’ అంటే ఏదో దివ్యంగా జరగబోతోందని జనం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

పుస్తకాల్లో ‘సంవేదన’ ఉండనివ్వండి. నోటితో చెప్పేటప్పుడు మాత్రం ‘ఒంట్లో ఏం తెలుస్తోందో చూస్తూ ఉండండి’ అంటే చాలు. లేకపోతే మోకాళ్ల నొప్పులవాళ్లు తమ సాధన ఎప్పుడో పూర్తయిందనుకుంటారు.