ప్లేటు గట్టిదా, రాడ్డు గట్టిదా అని రాసిన తమ్మీకి

హన్మకొండ

తమ్మీ,

నీ వ్యాసం చదివాను. భాష సాఫీగా ఉంది, కష్టపడ్డావని తెలుస్తూనే ఉంది. కానీ రెండో పేజీలో ‘ముంజేయి విరిగితే రాడ్డు కన్నా ప్లేటు రెండింతలు గట్టిదని పరిశోధనల్లో తేలింది’ అన్నావు చూడు, ఎముక మీద స్క్రూలతో బిగించే లోహపు పట్టీకీ, ఎముక లోపలికి దింపే కడ్డీకీ పోటీ పెట్టి, అక్కడ నాకు ఒళ్లు మండింది. అందుకే వెంటనే రాస్తున్నా.

దేనికి గట్టిది? వంచితేనా, మెలిపెడితేనా, రెండు కొసలా పట్టి నొక్కితేనా? అది చెప్పనంత వరకు ఆ వాక్యానికి అర్థం లేదు. ల్యాబులో ఏం చేస్తారో డాక్టరువి, నీకు నాకన్నా బాగా తెలియాలి. దానం చేసిన శరీరం నుంచి ఎముకో, అచ్చు పోసిన నమూనా ఎముకో తీసుకుంటారు. మధ్యలో రంపంతో కోస్తారు. కొన్నింటికి ప్లేటు బిగిస్తారు, కొన్నింట్లోకి రాడ్డు దింపుతారు. యంత్రంలో పెట్టి ఒకసారి నాలుగు చోట్ల ఆనించి వంచుతారు, ఒకసారి మెలితిప్పుతారు, ఒకసారి నిలువుగా నొక్కుతారు. మూడింటికీ మూడు వేర్వేరు అంకెలు వస్తాయి. వంచినప్పుడు నెగ్గింది మెలిపెడితే ఓడిపోవచ్చు. నువ్వు ఆ మూడింటినీ కలిపేసి ఒకే ఒక్క ‘గట్టిది’ని పాఠకుడి చేతిలో పెట్టావు.

తొడ ఎముక బరువు మోస్తుంది. ముంజేయి తిరుగుతుంది. ముంజేతిలో ఉన్న రెండు ఎముకల్లో బొటనవేలి వైపుది రేడియస్, చిటికెనవేలి వైపుది అల్నా. రేడియస్ వెళ్లి అల్నా చుట్టూ తిరిగితేనే అరచెయ్యి వెల్లకిలా, బోర్లా పడుతుంది. తాళం తీయడం, చెంబుతో నీళ్లు వంచుకోవడం, అన్నం ముద్ద నోటికి చేర్చడం, అన్నీ ఆ తిప్పుడే. రోజువారీ పనులకు ఇటు 50, అటు 50 డిగ్రీలు తిరిగితే చాలావరకు గడిచిపోతుంది. రేడియస్‌కు స్వతహాగా ఉండే వంపు పోయినా, ఎముక 20 డిగ్రీల వంకరతో అతుక్కున్నా తిప్పుడు బాగా తగ్గిపోతుంది. ముంజేతి గురించి రాసేవాడు మెలితోనే మొదలుపెట్టాలి. నీ వ్యాసంలో అది ఆరో పేరాలో, అదీ బ్రాకెట్లో ఉంది.

రాడ్డు సంగతే చూడు. ఎముక నడిమధ్యలో ఉంటుంది కాబట్టి వంచితే బాగానే ఆగుతుంది. మరి నున్నటి రాడ్డు చుట్టూ ఎముక ముక్క గిర్రున తిరగకుండా పట్టి ఉంచేదేమిటి? రాపిడి, అంతే. రెండు కొసలా అడ్డంగా స్క్రూలు వేసి లాక్ చేస్తే లెక్క మారుతుంది. నువ్వు పోల్చింది లాక్ చేసిన రాడ్డా, చేయనిదా? ఎక్కడా చెప్పలేదు. ప్లేటుకూ అంతే. పొడుగాటి ప్లేటు వేసి స్క్రూలను దూరదూరంగా సర్దితే వంచినప్పుడు బలం, మెలికి ఆగాలంటే మాత్రం స్క్రూల సంఖ్య ముఖ్యం. మామూలు ప్లేటు ఎముకను అదిమి పట్టి రాపిడి మీద నిలబడుతుంది. లాకింగ్ ప్లేటులో స్క్రూ తల ప్లేటులోనే మరలు పట్టి బిగుసుకుంటుంది, ఎముక గుల్లబారిన ముసలివాళ్లకు అది మేలు.

అన్నట్టు, ‘3.5 మిల్లీమీటర్ల మందం గల ప్లేటు’ అని రాశావు. 3.5 అనేది స్క్రూ వ్యాసం, అంటే దాని అడ్డుకొలత. దిద్దు. మందం ఏం చేస్తుందో చెప్పాలంటే స్టీలు స్కేలు చాలు. పరచి పట్టుకుంటే వంగుతుంది, నిలబెట్టి పట్టుకుంటే వంగదు. మందం రెట్టింపైతే వంపుకు ఎదురు నిలిచే బిగువు 8 రెట్లవుతుంది. రాడ్డు వ్యాసం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లకు పెరిగితే దాదాపు రెండున్నర రెట్లు. ఇలాంటి ముక్క ఒక్కటి పడితే పాఠకుడు చివరిదాకా నీ వెంట వస్తాడు.

‘సామాన్య పాఠకులకు ఇంత లోతు అక్కర్లేదని మా సార్ అన్నారు’ అని రాశావు. ఈ మాట జీవితమంతా విన్నాను. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతూ సైన్సు వ్యాసాలు మొదలుపెట్టిన రోజుల్లో, ఒక వారపత్రిక సంపాదకుడు షాఫ్టుల మీద, అంటే యంత్రాల్లో తిరిగే ఇరుసుల మీద, నేను రాసిన దాంట్లో మెలి గురించిన భాగమంతా పీకేసి, ఆ జాగాలో ఏదో ఫ్యాక్టరీ ఫొటో వేశాడు. అడిగితే ‘జనానికి ఎక్కదండీ’ అన్నాడు. ఆ కోసేసిన కాగితాలు పట్టుకుని కాజీపేటలో లేత్ నడిపే ఒకాయన దగ్గరికి పోయి చదివి వినిపించాను. మిషన్ ఆపి విన్నాడు. మూలకు పడేసిన విరిగిన షాఫ్టు తెచ్చి, ఏటవాలుగా చుట్టుకుపోయిన పగులు మీద వేలు పెట్టి ‘గిది మెలివడి ఇరిగింది సార్, వంగి ఇరిగితే గిట్లుండదు’ అన్నాడు. మెలిపడి విరిగిన ఎముక ఎక్స్‌రేలోనూ అదే గీత కదా! జనానికి ఎక్కదనేవాళ్లకు జనం తెలియదు. ఇప్పటి ఫ్యాషన్ ఇంకా ఘోరం, ప్రతిదీ ‘ఈ 5 విషయాలు తెలుసుకోండి’. నువ్వు పెట్టిన శీర్షికా ఆ జాతిదే. మార్చు.

ఐదో పేజీలో ఎనుమాముల మార్కెట్ హమాలీ ‘మల్ల బస్తా ఎత్తగలుగుతనా సారూ?’ అని అడిగాడని ఒక్క లైను రాసి వదిలేశావు. ఎందుకు వదిలేశావు? నీ వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబు కావాలి. బస్తాను కొక్కెంతో లాగి వీపు మీదికి తిప్పుకునేటప్పుడు ఆ చేతి మీద మెలి ఎంత, వంపు ఎంత? ల్యాబు ఎముకకు కండ లేదు, రక్తం లేదు, అది అతుక్కోదు. బతికిన చేతిలో లోహం భారం మోయాల్సింది ఎముక అతికేదాకానే. అతక్కపోతే ఎంత గట్టి ప్లేటైనా మళ్లీ మళ్లీ పడే భారానికి అలిసి విరుగుతుంది. ఇది అతనికి అర్థమయ్యేలా రాయగలవు, రాయి.

పిల్లలకు సన్నటి, వంగే రాడ్లు ఎందుకు సరిపోతాయో రాసిన భాగం ముట్టుకోకు. వాళ్ల ఎముక తొందరగా అతుక్కుంటుంది, మిగిలిన కొద్దిపాటి వంకరను పెరుగుతూ సరిచేసుకుంటుంది. అక్కడ ల్యాబు అంకె ఒక్కటే తీర్పు చెప్పదని నువ్వే చక్కగా పట్టుకున్నావు.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ముందు వ్యాసం కానీ.

ఇంకొకటి. ప్లేటు తీసేయడం గురించి ఒక్క ముక్క లేదు. అతుక్కోగానే ‘లోపల ఇనుము ఎందుకు, తీయించేద్దాం’ అనే ఇంటివాళ్లు నీ వార్డులోనే కనబడతారు. ప్లేటు కింద ఎముక పలచబడి ఉంటుంది, స్క్రూలు తీసిన రంధ్రాల దగ్గర మెలికి ఆగే శక్తి తక్కువ. తొందరపడి తీస్తే మళ్లీ విరగవచ్చు. ఇబ్బంది పెట్టకపోతే పెద్దవాళ్లలో అలాగే వదిలేయడం మామూలే. ఆ హమాలీ తీయించుకున్నాడో ఉంచుకున్నాడో కనుక్కో. అది చేర్చి, నువ్వు అంకెలు తీసుకున్న పరీక్షల పట్టిక జిరాక్సు కూడా జతచేసి పంపు. లాక్ చేసిన రాడ్డో కాదో నేనే చూస్తాను.