ఇంటర్వ్యూలో అందరూ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే బట్టీ పట్టి వెళ్లడం మంచిదేనా?

వద్దు. బట్టీకి పెట్టే ఆ సమయంలో, ఇంతవరకు మీరు చేసిన పనుల్లో ఓ ఐదారింటిని గుర్తు చేసుకుని, వివరంగా కాగితం మీద పెట్టండి. బల్లకు అవతలి వైపు కూర్చుని ప్రశ్నలు అడగడం నాకు చాలాకాలంగా అలవాటు కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నాను.

'మీ బలహీనత ఏమిటి?' అంటే 'ఏ పనైనా లోపం లేకుండా చేయాలనే పట్టుదలే నా బలహీనతండీ' అని అప్పజెప్పేవారే ఎక్కువ. వాళ్లు వాక్యం సగంలో ఉండగానే మిగతా సగం మాకు తెలిసిపోతుంది.

ఒకసారి గోదాము లెక్కలు చూసే ఉద్యోగానికి ఇంటర్వ్యూలు జరిపాం. 'ఒత్తిడిలో ఎలా పనిచేస్తారు?' అన్నదానికి ఒకతను చక్కని ఉపన్యాసమే ఇచ్చాడు. 'అలాంటి సందర్భం ఒకటి చెప్పండి' అన్నాను. నీళ్లు నమిలాడు. కాసేపటికి అదే ఉపన్యాసం మొదటి నుంచి అందుకున్నాడు.

తర్వాత వచ్చిన అమ్మాయి మాట అంత ధారాళంగా లేదు. కాస్త ఆలోచించుకుని మొదలుపెట్టింది. తనిఖీకి ముందురోజు చూస్తే కంప్యూటర్‌లో సరుకు ఎక్కువ, అరల్లో తక్కువ. పై అధికారికి వెంటనే దొంగతనమని అనుమానం. ఈమె తేడా వచ్చిన వస్తువులన్నింటినీ ఒకచోట రాసి చూసింది. అన్నీ డజన్ల పెట్టెల్లో వచ్చేవే! సరుకు దించుకున్నప్పుడు విడివిడిగా లెక్కపెట్టి ఎక్కిస్తున్నారు, బయటికి పంపేటప్పుడు పెట్టెను ఒకటిగా రాస్తున్నారు.

'అధికారి ఒప్పుకున్నారా?' అన్నాను.

'ముందు నమ్మలేదు సార్. పాత చలానాలు తీసి పక్కన పెట్టి చూపించాను.'

'అన్నీ సరిపోయాయా?'

'లేదు సార్. రెండు వస్తువులకు తేడా ఎందుకొచ్చిందో చివరిదాకా తెలియలేదు. ఆ మాటే రాసి ఇచ్చాను.'

మా నిర్ణయం అక్కడే అయిపోయింది. జరిగిన సంగతిని ఎటు నుంచి తిప్పి అడిగినా జవాబు ఉంటుంది. పైగా ఆ ఒక్క సంఘటన ఒత్తిడికీ, పై అధికారితో భేదాభిప్రాయానికీ, 'గర్వంగా చెప్పుకునే పని ఏది?' అన్నదానికీ కూడా పనికొస్తుంది.

సందర్భం, మీ బాధ్యత, చేసిన పని, ఫలితం అనే వరుసలో చెప్పమని శిక్షకులు అంటారు. వరుస మంచిదే. కానీ చాలామంది సందర్భం దగ్గరే సగం సమయం తినేస్తారు, తర్వాత 'మేం చేశాం, మేం సాధించాం' అంటారు. అందులో మీ వంతు ఏదో చెప్పకపోతే మార్కులు ఎవరికి వేయాలి?

అడిగేవాళ్లూ తక్కువ తినలేదు. అభ్యర్థి ఎదురుగా కూర్చున్నాకే బయోడేటా తెరిచేవారిని చూశాను. 'ఐదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటారు?' అన్న ప్రశ్న వల్ల ఒరిగేదేమీ లేదు. అడిగినవారికే తమ సంగతి తెలియదు. అందరినీ ఒకే ప్రశ్నలు ఒకే పద్ధతిలో అడిగితే, తోచినట్లు సాగే కబుర్లకన్నా పనితీరును బాగా అంచనా వేయవచ్చని మనస్తత్వ శాస్త్రవేత్తలు ష్మిట్, హంటర్ ఎన్నో పరిశోధనలను కలిపి చూసి 1998లోనే తేల్చారు. అయినా కబుర్లు ఆగలేదు.

చివర్లో 'మీరేమైనా అడుగుతారా?' అంటే 'ఏమీ లేదండీ' అని లేచిపోకండి. ఈ కుర్చీలో ఇంతకుముందు ఉన్నవారు ఎందుకు వెళ్లిపోయారో అడగండి. ఆ ప్రశ్నకు ఇబ్బందిగా కదిలినవారిని నా పక్క కుర్చీలోనే చాలాసార్లు చూశాను.