గేటు దగ్గర ముఖాన్ని నమ్మకు

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

అమ్మలూ,

గాజువాకలో రెండో తరగతి టీచరుగా చేరుతున్నావని మీ నాన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. సంతోషంతో పాటు దడ కూడా పట్టుకుంది, సరిగ్గా నిద్ర పట్టలేదు. మనింట్లో ముఖాలు గుర్తుపట్టలేనివాళ్లలో నువ్వు మూడోదానివి. తాతయ్య, నేను, తర్వాత నువ్వు. ఒకే యూనిఫాం, ఒకే రిబ్బన్లు, ఒకే బూట్లు వేసుకున్న పిల్లల మధ్యకి వెళ్తున్నావు. వద్దని చెప్పడానికి రాయడం లేదు. రిటైరయ్యేదాకా నేనూ అదే పని చేశాను. కానీ స్కూల్లో నీ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదట, అలవాటైపోయాక చూద్దాం అన్నావట. నా కోపమంతా అక్కడే.

చేరిన రోజే ప్రిన్సిపల్‌కి చెప్పు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఇది కంటి జబ్బు కాదు, మతిమరుపు అంతకన్నా కాదు. మెదడు అడుగు భాగంలో ఫ్యూజిఫార్మ్ గైరస్ అని ఒక మడత ఉంటుంది, ముఖాలు పోల్చుకోవడంలో దానిది ముఖ్యమైన పాత్ర. 1947లో యోఆకిమ్ బోడామర్ అనే జర్మన్ డాక్టరు ఇలా ముఖాలు గుర్తుపట్టలేకపోవడానికి ప్రోసోపాగ్నోసియా అని పేరు పెట్టాడు. ఆయన చూసింది తలకు గాయాలైన సైనికులను. ఏ దెబ్బా తగలకుండా పుట్టుకతోనే ఇలా ఉండేవాళ్లున్నారని, కొన్ని కుటుంబాల్లో వరసగా వస్తుందని ఆ తర్వాత తెలిసింది. నూటికి ఇద్దరికి ఉండొచ్చని ఒక అంచనా. చింపాంజీల మధ్య బతికి పరిశోధన చేసిన జేన్ గుడాల్‌కి ఉండేది, పెద్ద న్యూరాలజిస్టు ఆలివర్ సాక్స్‌కీ ఉండేది.

తాతయ్యకి ఇవేవీ తెలియవు. అందుకే నీకెప్పుడూ చెప్పని ఒక విషయం ఇప్పుడు చెప్తున్నాను.

మా అమ్మకి ఒక్కడే అన్నయ్య, అనకాపల్లిలో ఉండేవాడు. ఒత్తయిన ఉంగరాల జుట్టు, పెద్ద మీసం. మా నాన్న, అంటే మీ తాతయ్య, ఆయన్ని ఎంత దూరం నుంచైనా ఆ జుట్టూ మీసం చూసే పోల్చుకునేవాడు. ఒకసారి మామయ్య సింహాచలంలో మొక్కు తీర్చుకుని గుండు చేయించుకున్నాడు, మీసం కూడా తీయించేశాడు. కొత్త వియ్యంకుల్ని వెంటబెట్టుకుని పూర్ణా మార్కెట్‌కి వస్తే అక్కడ నాన్న ఎదురయ్యాడు. మామయ్య నవ్వుతూ చేతులు జోడించాడు. ఎవరో తెలియని మనిషి మర్యాదకి దండం పెట్టాడనుకుని నాన్న తలూపి సంచీ పట్టుకుని వెళ్లిపోయాడు. మామయ్య ఒక్క మాట మాట్లాడినా గొంతు పట్టి తెలిసిపోయేది. కానీ వియ్యంకుల ముందు అవమానం జరిగిందని ఆయన నోరు మెదపలేదు.

అయినా అది తప్పు కాదు. తప్పు ఆ తర్వాత జరిగింది. సంగతి తెలిసి అమ్మ ఏడుస్తుంటే నాన్న అనకాపల్లి వెళ్లి, ఏదో పరధ్యానంలో ఉన్నాను బావా, చూసుకోలేదు అన్నాడు. "నా కళ్లలోకి చూసి కూడానా?" అని అడిగాడు మామయ్య. నాకు చిన్నప్పటి నుంచీ మనుషుల ముఖాలు గుర్తుండవు అని నాన్న చెప్పి ఉండాల్సింది. పోర్టులో పనిచేసే మగవాడు, పిల్లల తండ్రి, ఆ మాట ఎలా అంటాడు? తల దించుకుని ఊరుకున్నాడు. ఉద్యోగం చూసుకుని పొగరెక్కిందని వాళ్లు అనుకున్నారు. నా పెళ్లిలో నన్ను గంపలో కూర్చోబెట్టి తీసుకురావాల్సిన మేనమామ రాలేదు. ఎవరో దూరపు చుట్టం ఎత్తుకొచ్చాడు. అమ్మ ముఖం ఆ రోజు ఎలా ఉందో నాకు గుర్తు లేదు, నాకు ముఖాలు గుర్తుండవు కదా. కానీ అక్షింతలు వేసేటప్పుడు ఆమె చేయి వణకడం గుర్తుంది.

అందుకని, తల్లీ, ఒక్క గుర్తు మీద ఎప్పుడూ ఆధారపడకు. జుట్టు మీద అసలే వద్దు. మన ఊళ్లో పిల్లలకి సింహాచలంలోనో తిరుపతిలోనో గుండు చేయించి సోమవారం స్కూలుకి పంపేస్తారు. నడక, గొంతు, నిలబడే తీరు, పెన్సిల్ పట్టుకునే చేయి, పన్ను మీద పన్ను, ఇలాంటివి రెండుమూడు కలిపి పెట్టుకో. ఎవరి చోటు వాళ్లదేనని మొదటి రోజే ఖాయం చెయ్యి. హాజరు పిలిచినప్పుడు లేచి నిలబడి పలకమను, పేరుతో పాటు గొంతు కూడా వినిపిస్తుంది. టీచర్‌కి ముఖాలు గుర్తుండవు, మీరే పేరు చెప్పి మాట్లాడాలి అని పిల్లలకి చెప్పేయ్. పెద్దవాళ్లలా వాళ్లు తప్పు పట్టరు. నా క్లాసులో పిల్లలు బజార్లో కనిపించినా దూరం నుంచే పేరు అరిచి చెప్పేవాళ్లు.

నా అసలు భయం సాయంత్రం గేటు దగ్గర. హెల్మెట్ తీయకుండా బండి మీద కూర్చునే నాన్నలు, ముక్కు దాకా చున్నీ కట్టుకున్న అమ్మలు. నవంబరు, డిసెంబరు వచ్చిందంటే అయ్యప్ప మాలలో ఉన్న తండ్రులు, నల్లబట్టలు, గడ్డాలు, విభూతి, అందరూ స్వాములే. అప్పుడు నువ్వూ నేనే కాదు, ముఖాలు మామూలుగా గుర్తుపట్టేవాళ్లూ తడబడతారు. స్కూలిచ్చిన కార్డు చూపించకపోతే పిల్లని పంపకు. కార్డు మర్చిపోయామంటే రిజిస్టరులో ఉన్న నంబరుకి నువ్వే ఫోన్ చెయ్యి, వాళ్లు చూపించే నంబరుకి కాదు. పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్లి వాళ్ల చేయి పట్టుకున్నా సరే, తెలిసినవాళ్లూ ఎత్తుకుపోతారు. విసుక్కుంటారు, విసుక్కోనీ. గుర్తుపట్టినట్టు నటించడం మనకి చిన్నప్పుడే వచ్చేస్తుంది, నవ్వి "బాగున్నారా" అనేస్తాం. పెళ్లిళ్లలో ఫరవాలేదు, గేటు దగ్గర మాత్రం ఆ నవ్వు నవ్వకు.

నీకు నాలుగేళ్లప్పుడు ఆర్కే బీచ్‌లో ఆకుపచ్చ చీర చూసి ఎవరో ఆవిడ వెంట వెళ్లిపోయావు. మీ అమ్మ భయంతో నీ వీపు మీద ఒకటి వేసింది. అందరూ అల్లరి పిల్ల అన్నారు. చీర రంగు చూసి అమ్మ అనుకున్నావని నాకు మాత్రం అప్పుడే తెలిసింది. చెప్పాను, ఎవరూ వినలేదు. నిన్ను ఎత్తుకుని ఇంటిదాకా నేనే నడిచాను.

ఆదివారం రా. ప్రిన్సిపల్‌తో ఏం మాట్లాడాలో, తల్లిదండ్రుల మీటింగులో ఏం చెప్పాలో ఇద్దరం కూర్చుని ఒక కాగితం మీద రాసుకుందాం. మద్దిలపాలెంలో బస్సు దిగగానే ఫోన్ చెయ్యి, నేనే ఎదురొస్తాను. నీ పేరు పెట్టి పిలుస్తాను, పలుకు.

నీ అత్త