కువైట్‌లో మొదలైన రోజాలు, కావలిలో పండుగ

ప్రశ్న: మా ఆయన కువైట్‌లో డ్రైవరు. రోజాలు (ఉపవాసాలు) అక్కడే మొదలుపెట్టి, రంజాన్ ఆఖరి వారంలో ఇంటికొస్తారు. ముప్పై నిండగానే ఆపేయొచ్చా? విమానంలో ఇఫ్తార్ (సాయంత్రం రోజా విప్పడం) ఎప్పుడు? ఫిత్రా (పండుగకు పేదలకిచ్చే దానం) ఎంత?
– ఒక సోదరి, కావలి

జవాబు: ఆపకూడదమ్మా. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి నెలవంకే లెక్క. 2025నే తీసుకోండి. కువైట్‌లో మార్చి 1న మొదలై 30న పండుగ, మనకు 2న మొదలై 31న పండుగ. మధ్యలో వచ్చినవాళ్లకు సరిగ్గా 30 పడ్డాయి. మనకు 29 రోజాలకే నెలవంక కనబడబట్టి సరిపోయింది గానీ, లేకుంటే 31 ఉండాల్సిందే.

అసలు చిక్కు ఇక్కణ్ణుంచి అక్కడికి పోయేవాళ్లది. అదే ఏడు మన దగ్గర మొదలుపెట్టి కువైట్‌లో పండుగ చేసుకున్నవాళ్లకు 28 తేలాయి. నెల 29కి తగ్గదు. పండుగ దాటాక ఒకటి ఖజా ఉండాలి, అంటే తప్పిన రోజాను తర్వాత తీర్చుకోవాలి.

విమానంలో చేతి గడియారాన్ని నమ్మొద్దు. మన టైము రెండున్నర గంటలు ముందు, పైగా తూర్పుకు వస్తారు, పొద్దు తొందరగా కుంకుతుంది. దిగబోయే చెన్నైలో ఇఫ్తార్ టైమూ పనికిరాదు. కింద చీకటి పడ్డా అంత ఎత్తున ఇంకాసేపు సూర్యుడు కనబడుతూనే ఉంటాడు. ఆ లోపల ఖర్జూరం నోట్లో వేసుకుంటే రోజా పోయినట్టే. కిటికీలోంచి చూసి, సూర్యుడు పూర్తిగా కుంకాకే రోజా విప్పాలి. నీళ్ల సీసా తనిఖీ దాటాకే కొనుక్కోమనండి, ముందే తెస్తే తీసేస్తారు. తెల్లవారకముందే ప్రయాణం మొదలైతే ఆ రోజా మాని తర్వాత తీర్చుకునే వెసులుబాటూ ఉంది.

ఫిత్రా హనఫీ మతశాఖ పాటించేవాళ్లకు తలకు సుమారు కిలోముప్పావు గోధుమలు, లేదా వాటి ధర. షాఫయీ శాఖవాళ్లయితే రెండున్నర కిలోల దాకా బియ్యమే ఇస్తారు, డబ్బు కాదు. పసిపిల్లలదీ తండ్రే ఇవ్వాలి. ఈద్ నమాజు లోపల పేదల చేతికి చేరాలి, దాటితే మామూలు సదకా (దానం) కిందే లెక్క.

ప్రశ్న: కువైట్ క్యాలెండర్ చూసి రొట్టెల పండుగకు టికెట్ తీసుకోవచ్చా?
– ఆత్మకూరు పాఠకుడు

జవాబు: వద్దు. ఆ పండుగ మొహర్రం నెలవంకను బట్టి వస్తుంది. 2025లో అక్కడ మొహర్రం పదో రోజు జూలై 5, ఇక్కడ 6. నెల్లూరు బారాషహీద్ దర్గాలో పండుగ 6 నుంచి 10 వరకు జరిగింది. ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది, నెలవంకను బట్టి ఒకరోజు అటూ ఇటూ. తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే తీసుకోండి. దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో రొట్టె పట్టుకోవడమే ముఖ్యమైతే నడిమి రోజులకు అందేలా వచ్చినా చాలు.