చైనా నుంచి అమెరికా వచ్చిన గే కుర్రాడి మీద చారిత్రక నవల రాయాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. 1920ల్లో దక్షిణ చైనా పల్లెటూరి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చిన కుర్రాడు, గే, ఇక్కడికొచ్చాకే తానెవరో తెలుసుకుంటాడు, స్వేచ్ఛ దొరుకుతుంది, ఇలా రాద్దామనుకుంటున్నా నమ్మేలా ఉంటుందా అని అడిగారు. నేను రచయితని కాదు. కానీ నేనూ గేనే, మాది తెనాలి దగ్గర పల్లెటూరు, 2011లో చదువుకోడానికొచ్చి శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలోనే ఉండిపోయాను, వలస వచ్చినవాళ్ళని ఆపి విచారించిన ఏంజెల్ ఐలాండ్ అనే ఇక్కడి దీవికి ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాను, అందుకే రాస్తున్నా. ఓడ దిగాడు, స్వేచ్ఛ దొరికింది అన్న ముక్క మాత్రం దయచేసి తీసేయండి.

ఎందుకంటే చైనా కూలీలు రాకూడదని అమెరికా 1882లోనే చట్టం చేసేసింది. వ్యాపారులు, విద్యార్థులు, ఇంకా ఇక్కడి పౌరుల పిల్లలు, ఇలా కొద్దిమందికే దారి. 1906లో భూకంపం వచ్చి ఊరు చాలావరకు తగలబడినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో జనన రికార్డులు కాలిపోయాయి, దాంతో చాలామంది నేనిక్కడే పుట్టాను అని చెప్పుకోగలిగారు, పౌరుడైతే చైనాలో ఉన్న కొడుకుని తెచ్చుకోవచ్చు కదా, అలా ఊరెళ్ళొచ్చినప్పుడల్లా ఒక కొడుకు పుట్టాడని రాయించుకుని, ఆ చోటుని బంధువుల పిల్లలకో డబ్బులిచ్చినవాళ్ళకో ఇచ్చేవాళ్ళు. అలా వచ్చినవాళ్ళని కాగితం కొడుకులు అంటారు. మీ కుర్రాడు పేదింటివాడైతే చాలావరకు ఇలాగే రావాలి. అంటే ఓడెక్కకముందే ఇంటిపేరు మారిపోయింది, తండ్రి మారిపోయాడు.

ఇక ఆ దీవి. 1910 నుంచి 1940 దాకా వచ్చినవాళ్ళని అక్కడ ఆపి విచారించేవాళ్ళు, చైనావాళ్ళకైతే వారాలు, కొంతమందికి నెలలు. మీ ఇంటికి మెట్లెన్ని, బియ్యం డబ్బా ఎక్కడుంటుంది, మీ వరసలో మూడో ఇంట్లో ఎవరుంటారు, ఇలాంటి ప్రశ్నలు. ఇతను చెప్పింది, ఆ కాగితం తండ్రి చెప్పింది పక్కపక్కన పెట్టి చూస్తారు, తేడా వస్తే వెనక్కి పంపేస్తారు. అందుకని జవాబులన్నీ రాసిన పుస్తకం ఒకటి ఇచ్చి పంపేవాళ్ళు, ఓడలో బట్టీపట్టి, ఒడ్డు రాకముందే సముద్రంలో పడేసేవాళ్ళు.

మొదటిసారి వెళ్ళినప్పుడు మగవాళ్ళ బ్యారక్‌లో నాకు గోడలు మామూలుగానే కనిపించాయి, పాత పెయింట్ అంతే. గైడ్ టార్చి తీసి గోడకి ఆనించినట్టుగా పక్కనుంచి వేశారు. అప్పుడు లేచాయండి అక్షరాలు, నిలువు వరసల్లో, చెక్కలో తవ్విన పద్యాలు. వాటిమీద పుట్టీ పెట్టి పెయింట్ కొట్టినా పోలేదు. ఇప్పటిదాకా రెండొందలకి పైగా దొరికాయి, చాలావాటికి కింద పేరు లేదు. పేరు ఎలా రాస్తారు, కాగితం పేరు రాస్తే పద్యం తనది కాదు, అసలు పేరు రాస్తే దొరికిపోతాడు.

నాకక్కడ గుర్తొచ్చింది నా వీసా ఇంటర్వ్యూ కాదు, దానికి నేను చెప్పినవన్నీ నిజాలే. గుర్తొచ్చింది మా ఇంట్లో పెళ్ళిళ్ళు. నీకెలాంటి పిల్ల కావాల్రా అని పిన్ని అడిగితే ఏం చెప్పాలో నేను పదిహేడేళ్ళకే తయారుచేసి పెట్టుకున్నాను, పొడుగు జడ ఉండాలి, పాటలు పాడాలి, పిన్నికి ఒకటి చెప్పి బావకి ఇంకోటి చెప్తే కుదరదు, అందరికీ ఒకటే చెప్పాలి, పోయినసారి ఏం చెప్పానో గుర్తుండాలి. మీ కుర్రాడికీ అంతే. ఆ పుస్తకం చేతికొచ్చేసరికే అతనికి ఆ విద్య వచ్చేసి ఉంటుంది. తానెవరో అతనికి కొత్తగా తెలియక్కర్లేదు. ఏదో ఒక ఊరి తిరనాళ్ళలో, కాంటనీస్ నాటకంలో ఆడవేషం కట్టిన మగ నటుణ్ణి కాదు, పక్కన తెర లాగే కుర్రాణ్ణి చూస్తూ కూర్చున్నప్పుడే తెలిసిపోయి ఉంటుంది, కాకపోతే దానికి మాట లేదు. నాకూ అప్పట్లో తెలుగులో తిట్లు తప్ప మాట లేదు. హాన్ వంశపు చక్రవర్తి ఒకాయన తన చొక్కా చేతిమీద నిద్రపోతున్న ప్రియుడు డాంగ్ షియాన్‌ని లేపడం ఇష్టంలేక చొక్కా చేతినే కోసేసుకున్నాడని చైనాలో పాత కథ ఉంది, మగవాళ్ళ మధ్య ప్రేమకి అక్కడ "తెగిన చొక్కా చేయి" అనే మాట దాన్నుంచే వచ్చింది. బాగుంటుంది కానీ పల్లెటూరి కుర్రాడి నోట్లో పెట్టకండి, చదువుకున్న పాత్ర ఎవరైనా ఉంటే వాళ్ళతో చెప్పించండి.

ఇంకోటి, అతనికి పెళ్ళి చేసే పంపిస్తారు. దక్షిణ చైనాలో తైషాన్ వైపు ఊళ్ళలో అది మామూలు, కొడుకు పరాయి దేశంలో ఉన్నా కోడలు ఇంట్లో ఉంటుంది, డబ్బూ ఉత్తరాలూ వస్తుంటాయి. ఆవిడ్ని దయచేసి అడ్డంకిలా రాయకండి, ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసిన మనిషి ఆవిడ. వాళ్ళు ఈ ఊరిని గమ్‌సాన్ అనేవాళ్ళు, బంగారు కొండ అని. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది, మా అమ్మ నన్ను ఇప్పటికీ ఫోన్లో పిలిచేది అదే మాటతో.

చైనాటౌన్ సంగతి. అప్పట్లో అక్కడ ఎక్కువమంది భార్యలు పక్కన లేని మగవాళ్ళే, చిన్న గదుల్లో ఇద్దరిద్దరు ముగ్గురేసి ఉండేవాళ్ళు. అందులో మీవాడు ఎవరికీ తేడాగా కనపడడు. నేనూ 2011లో ఐదుగురు తెలుగువాళ్ళతో రెండు బెడ్‌రూముల్లో ఉన్నప్పుడు ఎవరికీ ఏ అనుమానం రాలేదు, ఒక్కొక్కడికీ పెళ్ళయ్యి వెళ్ళిపోతుంటే అప్పుడు మొదలైంది నీ సంగతేంటి అని. మీ కథలో ఆ రోజులు రెండో ప్రపంచయుద్ధం తర్వాత వస్తాయి. 1943లో ఆ 1882 చట్టం పోయింది, ఏడాదికి 105 మందికే కోటా అనుకోండి, 1945 తర్వాత సైన్యంలో పనిచేసొచ్చినవాళ్ళు భార్యల్ని తెచ్చుకోవడం మొదలైంది. నా ఉద్దేశంలో నవల బిగుసుకునేది అక్కడే.

తర్వాత 1956. కాగితం కొడుకులు మా అసలు పేరు ఇది అని ఒప్పుకోవచ్చని ప్రభుత్వం ఒక కార్యక్రమం పెట్టింది, 13 వేల మందికి పైగా ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకుంటే ఆ కాగితం కుటుంబం మొత్తం బయటపడుతుంది కాబట్టి ఇళ్ళల్లో ఎన్ని గొడవలయ్యుంటాయో ఊహించండి. కానీ 1952 వలస చట్టంలో మానసిక వికృతి అనే అర్థమొచ్చే మాట ఒకటి ఉంది, దాన్ని పట్టుకుని గే మనుషుల్ని రానివ్వలేదు, ఉన్నవాళ్ళని పంపేశారు, 1967లో ఇక్కడి సుప్రీంకోర్టు కూడా సరేనంది. అది పోయింది 1990లో. అంటే యాభై ఏళ్ళ మీ మనిషి ఆ ఆఫీసులో కూర్చుని ఒక అబద్ధాన్ని ఒప్పుకోవచ్చు, రెండోదాన్ని ఒప్పుకుంటే దేశం వదిలి పోవాల్సిందే. ఆ సీను ఎవరైనా రాస్తే చదవాలని నాకు ఎన్నాళ్ళుగానో ఉంది.

నేను మా నాన్నకి చెప్పలేదు, 2016లో పోయారు. 2018 సెప్టెంబర్ 6న, గే సంబంధాలు నేరం కాదని మన సుప్రీంకోర్టు తీర్పొచ్చిన రోజు అక్కకి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "తెలుసురా నాకు, ఫోన్ పెట్టేయకు" అంది.

ఇక్కడ శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న కోల్మా ఊళ్ళో చైనావాళ్ళ శ్మశానానికి ఒక స్నేహితుడు తీసుకెళ్ళాడు. ఒకే రాయి మీద ఇంగ్లీషులో ఒక ఇంటిపేరు, చైనీస్‌లో ఇంకో ఇంటిపేరు. వేలు పెట్టి చదివి చూపించాడు, ఇది కాగితంది, ఇది వాళ్ళ నాన్నది అని. అందుకే మీరు అడిగిన మొదలు సంగతికి నా జవాబు, ఓడతో మొదలుపెట్టకండి. రాత్రి, చిన్న గది, వచ్చి నాలుగైదేళ్ళయింది, పక్క మంచం మీద ఉన్న మనిషి ఇన్నాళ్ళూ ఇతన్ని కాగితం పేరుతోనే పిలుస్తున్నాడు, దీపం ఆర్పాక ఇతను తన అసలు పేరు చెప్తాడు. అవతలి మనిషి దాన్ని ఒకసారి మెల్లగా పలికి చూస్తాడు. అక్కణ్ణుంచి రాయండి.