లినక్స్‌లో సోర్స్ లేని ప్రోగ్రామ్ సేవ్ చేసే ఫైల్ ఫార్మాట్‌ని ఎలా కనిపెట్టాలి?

ప్రశ్న క్లుప్తంగా: సోర్స్ కోడ్ దొరకని పాత లినక్స్ ప్రోగ్రామ్ ఒకటి కొలతలను తన సొంత ఫార్మాట్‌లో సేవ్ చేస్తుంది. ఆ ఫైళ్లను వేరే ప్రోగ్రామ్‌తో చదవాలి. ఘిడ్రాలో (నడిచే ప్రోగ్రామ్ ఫైల్‌ని కోడ్‌గా మార్చి చూపించే సాధనం) తెరిస్తే పేర్లు లేని ఫంక్షన్లు వేలల్లో ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

ఘిడ్రాని కాసేపు మూసెయ్యండి. మీకు కావాల్సింది ప్రోగ్రామ్ మొత్తం కాదు, ఫైల్‌లోకి బైట్లు రాసే చిన్న ముక్క. ప్రోగ్రామ్ ఎంత గుట్టుగా ఉన్నా ఫైల్ తెరవడానికి, రాయడానికి కెర్నెల్‌ని, అంటే లినక్స్ మూలభాగాన్ని, అడగక తప్పదు. ఆ గుమ్మం దగ్గర కాపు కాసి అక్కడి నుంచి లోపలికి నడవాలి.

బైనరీ (నడిచే ప్రోగ్రామ్ ఫైల్) మీద ముందు 'ఫైల్' కమాండ్ నడపండి. 32 బిట్లా 64 బిట్లా, సింబల్స్ (ఫంక్షన్ల పేర్లు) తీసేశారా, లైబ్రరీలు బయట ఉన్నాయా లోపలే కలిపేశారా అన్నది ఒక్క వరుసలో చెబుతుంది. ఏ లైబ్రరీలు వాడుతోందో చూడటానికి చాలామంది ఎల్‌డీడీ వాడతారు. నమ్మకం లేని బైనరీ మీద అది వద్దు, కొన్ని సందర్భాల్లో ఆ బైనరీని నిజంగానే నడిపేస్తుంది. రీడ్‌ఎల్ఫ్‌కి మైనస్ డీ ఇస్తే నేరుగా వాడే లైబ్రరీల జాబితా ప్రమాదం లేకుండా వస్తుంది. అందులో జీలిబ్ (డేటాను కుదించే లైబ్రరీ) కనిపిస్తే సగం పని అయినట్టే, డేటా కంప్రెస్ అయి ఉండొచ్చు. ఫైల్ బైట్లను హెక్స్‌లో (16 ఆధారిత అంకెల్లో) చూస్తూ 78 తర్వాత 9సి గానీ 01 గానీ ఉన్న చోటు వెతకండి. జీజిప్ అయితే 1ఎఫ్ 8బి.

కోడ్ జోలికి పోకముందే ఫైళ్లను పోల్చి చూడటం మంచిది. ఏమీ మార్చకుండా ఒకే డేటాను రెండుసార్లు సేవ్ చేయండి. అప్పుడు కూడా మారిన బైట్లు సమయమో, ఏదో గుర్తింపు సంఖ్యో అయి ఉంటాయి. వాటిని పక్కన పెట్టి, ఈసారి ఒక్క విలువ మార్చి సేవ్ చేయండి. ఆ విలువ 4660 అయితే మంచిది: హెక్స్‌లో అది 1234, లిటిల్ ఎండియన్‌లో (చిన్న విలువ బైట్ ముందు వచ్చే పద్ధతి) 34 12 అని తిరగబడి కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అలా కనిపించకపోతే ఫ్లోటింగ్ పాయింట్‌గా (భిన్నాలు దాచే పద్ధతిలో) దాచి ఉండొచ్చు. 1.0 ఇచ్చి చూడండి, సింగిల్ ప్రెసిషన్‌లో (4 బైట్లలో) 00 00 80 3ఎఫ్ రావాలి.

పోల్చడానికి సీఎంపీకి మైనస్ ఎల్ వాడితే ఒక చిక్కు ఉంది. అది బైట్ల స్థానాన్ని 1 నుంచి దశాంశంలో లెక్కిస్తుంది, విలువల్ని మాత్రం ఆక్టల్‌లో (8 ఆధారిత అంకెల్లో) చూపిస్తుంది. ఫైల్ బైట్లను హెక్స్‌లో చూపించే ఎక్స్ఎక్స్‌డీ కమాండ్ స్థానాన్ని 0 నుంచి హెక్స్‌లో చూపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని బుర్ర బద్దలు కొట్టుకునే బదులు రెండు ఫైళ్లనూ ఎక్స్ఎక్స్‌డీతో టెక్స్ట్‌గా మార్చి డిఫ్ చేయండి.

ఒక్క విలువ మార్చినా ఫైల్ చివరి 4 బైట్లు పూర్తిగా మారిపోతుంటే అది చెక్‌సమ్ (డేటా పాడైందో లేదో చూసే సంఖ్య) అయి ఉండొచ్చు. సీఆర్‌సీ-32 అనే చెక్‌సమ్ పద్ధతి అవునో కాదో తేల్చడానికి బైనరీలో 96 30 07 77 అనే బైట్ల వరుస కోసం వెతకండి. అది మామూలు సీఆర్‌సీ పట్టికలో రెండో ఎంట్రీ. దొరికితే దాదాపు ఖాయం. దొరకలేదని మాత్రం కొట్టిపారేయకండి, పట్టికను నడిచేటప్పుడు తయారుచేసుకునే ప్రోగ్రామ్‌లూ ఉన్నాయి.

ఇంతవరకు తేలనిది ఉంటేనే స్ట్రేస్, అంటే ప్రోగ్రామ్ కెర్నెల్‌ని అడిగేవి (సిస్టమ్ కాల్స్) చూపించే సాధనం. మైనస్ ఎఫ్ ఇవ్వకపోతే పిల్ల ప్రాసెస్‌లు, థ్రెడ్లు చేసే పని కనిపించదు. మైనస్ ఎస్ ఇవ్వకపోతే ప్రతి రైట్ కాల్‌లో మొదటి 32 బైట్లే చూపిస్తుంది, 4096 ఇవ్వండి. మైనస్ వై ఇస్తే డిస్క్రిప్టర్ నంబర్ (తెరిచిన ఫైల్‌కి కెర్నెల్ ఇచ్చే సంఖ్య) పక్కన ఫైల్ పేరు కూడా పడుతుంది. అసలు విలువైనది మైనస్ కె: ప్రతి సిస్టమ్ కాల్ కింద దాన్ని పిలిచిన ఫంక్షన్ల వరుస, అవి బైనరీలో ఎంత దూరంలో ఉన్నాయో సహా వస్తుంది. వేల ఫంక్షన్లలోంచి నాలుగైదు మిగులుతాయి. మీ స్ట్రేస్ ఆ సదుపాయం లేకుండా బిల్డ్ అయి ఉంటే మైనస్ కె పనిచేయదు.

ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. ప్రోగ్రామ్ ఎఫ్‌రైట్ (సి లైబ్రరీలో ఫైల్‌కి రాసే ఫంక్షన్) వాడితే బైట్లు ముందు బఫర్‌లో, అంటే మెమరీలోని తాత్కాలిక చోట, చేరి, అది నిండినప్పుడో ఫైల్ మూసినప్పుడో కెర్నెల్‌కి వెళతాయి. అప్పుడు స్టాక్‌లో (పిలిచిన ఫంక్షన్ల వరుసలో) తరచూ కనిపించేది ఫైల్ మూసే ఎఫ్‌క్లోజ్‌ని పిలిచిన చోటు, మీకు కావాల్సిన చోటు కాదు. జీడీబీలో (నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపి చూసే డీబగ్గర్) ఎఫ్‌రైట్ మీదే బ్రేక్‌పాయింట్ (ఆగాల్సిన చోటు) పెట్టండి. 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ యంత్రాల్లో ఆగిన క్షణాన ప్రాసెసర్ రిజిస్టర్లలో, అంటే ఆర్‌డీఐలో డేటా అడ్రస్, ఆర్ఎస్ఐలో ఒక్కో అంశం సైజు, ఆర్‌డీఎక్స్‌లో అంశాల సంఖ్య ఉంటాయి. ఆర్‌డీఐ దగ్గర 32 బైట్లు చూసి, బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో చూపే కమాండ్) కొట్టండి. సైజు 4, 8, 4, 4 అని వరుసగా వస్తుంటే హెడర్‌లోని ఫీల్డులు ఒక్కొక్కటిగా మీ కళ్ల ముందే పడుతున్నట్టు. రైట్ కాల్స్ అసలే లేకుండా ఫైల్ మారుతుంటే ఎమ్‌మ్యాప్ (ఫైల్‌ని మెమరీలాగే వాడి మార్చే పద్ధతి) వాడుతుండొచ్చు.

ఇప్పుడు ఘిడ్రా తెరవండి. పొజిషన్ ఇండిపెండెంట్ బైనరీని (మెమరీలో ఎక్కడైనా లోడ్ కాగలిగేది) అది మామూలుగా 100000 దగ్గర పెడుతుంది, జీడీబీ కింద అదే బైనరీ సాధారణంగా 555555554000 దగ్గర లోడ్ అవుతుంది. రెండూ హెక్స్. ఘిడ్రాలో 101240 అంటే జీడీబీలో 555555555240. ప్రతిసారీ కూడికలు ఎందుకనుకుంటే ఘిడ్రా మెమరీ మ్యాప్ విండోలో బేస్ మార్చేయండి. బ్యాక్‌ట్రేస్‌లో పైన పిలిచిన ఫంక్షన్లకు వచ్చేది తిరుగు అడ్రస్ (కాల్ అయ్యాక తిరిగి వచ్చే చోటు) అని గుర్తుంచుకోండి, కాల్ దానికి ముందు ఇన్‌స్ట్రక్షన్‌లో ఉంటుంది. ఒక ఫంక్షన్ అర్థమైన వెంటనే దానికి పేరు పెట్టండి, తప్పు పేరైనా సరే. రేపు మార్చుకోవచ్చు.

నడుస్తున్న ప్రాసెస్‌కి జీడీబీ తగిలిస్తే అనుమతి లేదంటోందా? కెర్నెల్ భద్రతా భాగమైన యామాలో పీట్రేస్ స్కోప్ అనే సెట్టింగ్ 1గా ఉండొచ్చు, అంటే మామూలు యూజర్ తాను మొదలుపెట్టిన పిల్ల ప్రాసెస్‌నే చూడగలడు. 0 చేయండి, పని అయ్యాక తిరిగి 1 చేయండి. ఒక ప్రాసెస్‌కి ఒకసారి ఒక్క ట్రేసరే (దాన్ని గమనించే సాధనం) ఉంటుంది కాబట్టి స్ట్రేస్, జీడీబీ కలిసి పనిచేయవు. జీడీబీ కింద మాత్రమే ప్రోగ్రామ్ వింతగా ఆగిపోతే అది ట్రేసర్ ఉందా అని చూసుకుంటోందేమో, లేదా తన కోడ్‌ని తానే సరిచూసుకుంటోందేమో. మామూలు బ్రేక్‌పాయింట్ కోడ్‌లో ఒక బైట్ మార్చేస్తుంది. హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్లు ఏమీ మార్చవు, కాకపోతే అవి నాలుగే.

ఈ ప్రయోగాలన్నీ వర్చువల్ మెషీన్‌లో, నెట్‌వర్క్ తీసేసి చేయండి. చట్టం సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. ఐరోపా యూనియన్‌లో 2009/24 డైరెక్టివ్ ఆరో అధికరణం ఇతర ప్రోగ్రామ్‌లతో కలిసి పనిచేయించడానికి డీకంపైల్ చేయడాన్ని (బైనరీని తిరిగి కోడ్‌గా మార్చడాన్ని) షరతులతో అనుమతిస్తుంది. లైసెన్స్ తాళం తీయడం వేరే విషయం, దానికి ఈ జవాబు పనికిరాదు.

ఫార్మాట్ తేలిందనుకున్నాక ఫైల్‌ని చదివి చూపిస్తే సరిపోదు. మీ కోడ్‌తోనే కొత్త ఫైల్ రాసి, పాత ప్రోగ్రామ్ చేత తెరిపించండి. ఖాళీ డేటాతో ఒకటి, ఒకే కొలతతో ఒకటి, 65536 కంటే ఎక్కువ కొలతలతో ఒకటి. 2 బైట్లనుకున్న కౌంటర్ నిజానికి 4 బైట్లదైతే ఆ మూడో ఫైల్ దగ్గర బయటపడుతుంది.