కాలేజీలో మూడు ఆటలు ఆడే అమ్మాయి కోచ్ కావాలంటే ఒక్క ఆటనే పట్టుకోవాలా?

డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాననీ, ఖోఖో, హ్యాండ్‌బాల్, పరుగు పందేలు మూడింటిలోనూ కళాశాల తరఫున ఆడుతున్నాననీ, చదువయ్యాక కోచ్‌గా స్థిరపడాలంటే ఇప్పుడే ఒకటి ఉంచుకుని మిగిలిన రెండూ మానేయాలా అనీ మీరు అడిగారు. మానేయనక్కర్లేదు. అయితే మీ సర్టిఫికెట్లు ఏ ఆటలో పోగవుతున్నాయో ఈ ఏడాదే చూసుకోవాలి. నేను 1990ల చివర గుంటూరు జిల్లాలో డిగ్రీ చదువుతూ బాల్ బ్యాడ్మింటన్, కబడ్డీ, వాలీబాల్ ఆడాను. చాలా ఏళ్లుగా అమ్మాయిలకు వాలీబాల్ నేర్పుతున్నాను. ఆ అనుభవం మీదే ఈ సమాధానం.

మూడు ఆటలు ఆడామంటే గొప్ప ప్రతిభ అనుకుంటారు గానీ, మా కాలంలో అది చాలావరకు కొరత వల్ల వచ్చింది. గ్రౌండ్‌కు వచ్చే అమ్మాయిలే పదిమంది లోపు. అంతర్ కళాశాలల పోటీలకు మా పి.డి. (ఫిజికల్ డైరెక్టర్) గారు జట్టు పేర్లు పంపాలంటే కబడ్డీకి ఏడుగురు, వాలీబాల్‌కు ఆరుగురు, బాల్ బ్యాడ్మింటన్‌కు అయిదుగురు కావాలి, పైన రిజర్వులు. కాబట్టి అన్ని జాబితాల్లోనూ మా పేర్లే ఉండేవి. నాకు నిజంగా చేయి తిరిగిన ఆట మాత్రం బాల్ బ్యాడ్మింటనే. మా వైపు ఊళ్లలో సాయంత్రమైతే ఆ పసుపు రంగు ఉన్ని బంతి లేని ఖాళీ స్థలం ఉండేది కాదు, నాకు రాకెట్ పట్టుకోవడం మా అన్నయ్యల దగ్గరే అలవాటయింది.

రెండు ఆటల్లో శిఖరాన నిలిచినవారు ఒకప్పుడు లేకపోలేదు. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్‌లో టెన్నిస్ ఆడి, మళ్లీ 1936లో, నలభై ఏళ్ల వయసులో, మాంచెస్టర్‌లో తొలి క్రికెట్ టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశారు. ఆ కాలపు క్యాలెండర్ వేరు, ఆ కుటుంబాల వెసులుబాటు వేరు. ఇప్పుడు అంతర్ కళాశాలల పోటీలు, విశ్వవిద్యాలయ జట్టు ఎంపికలు, ఆ వెంటనే క్యాంపు, తర్వాత దక్షిణాది విశ్వవిద్యాలయాల మధ్య జరిగే సౌత్ జోన్ పోటీలు అన్నీ కొద్ది నెలల్లోనే ఒకదాని మీద ఒకటి పడతాయి. రెండు ఆటల్లో ఎంపికైతే రెండు క్యాంపులూ ఒకే వారంలో మొదలుకావడం అరుదేమీ కాదు.

నాకు చివరి ఏడాది అదే జరిగింది. బాల్ బ్యాడ్మింటన్‌లోనూ వాలీబాల్‌లోనూ విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికయ్యాను. సందేహమే లేకుండా రాకెట్ సర్దుకుంటుంటే పి.డి. గారు పిలిచి, "అమ్మా, నీకు బాగా వచ్చిన ఆట అదేనని నాకూ తెలుసు. కానీ కోచ్ అవుతానంటున్నావు కదా, దానికి పాటియాలాలో డిప్లొమా లేదు. ఈ ఒక్కసారికి వాలీబాల్ క్యాంపుకు వెళ్లు" అన్నారు. రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు గానీ, ఆయన చెప్పినట్టే చేశాను.

ఆయన చెప్పిన పాటియాలా అంటే అక్కడి పాత మోతీబాగ్ రాజభవనంలో 1961లో మొదలైన నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ, అందరూ ఎన్.ఐ.ఎస్. అంటారు. కోచ్ ఉద్యోగాల ప్రకటనల్లో ఎక్కువగా అడిగేది అక్కడి ఏడాది డిప్లొమానే. అది ఒక నిర్దిష్టమైన ఆటలో ఇచ్చే డిప్లొమా. చేరాలంటే డిగ్రీతో పాటు అదే ఆటలో పైస్థాయి పోటీల్లో పాల్గొన్నట్టు ధ్రువపత్రం చూపాలి. నేను దరఖాస్తు చేసిన ఏడాది ఆటల జాబితాలో బాల్ బ్యాడ్మింటన్ లేదు, వాలీబాల్ ఉంది. అంటే నాకు బాగా వచ్చిన ఆట నన్ను గేటు లోపలికి కూడా తీసుకెళ్లేది కాదు. మూడో ఆటగా, కాస్త ఆలస్యంగా మొదలుపెట్టిన వాలీబాల్ తీసుకెళ్లింది.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. వ్యాయామ విద్యలో డిగ్రీ అయిన బి.పి.ఇడి. చేస్తే పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయ ఉద్యోగానికి అర్హత వస్తుంది. దానిపై పీజీ అయిన ఎం.పి.ఇడి. చేసి, అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్ గానీ స్లెట్ గానీ ఉత్తీర్ణులైతే కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్ ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు. ఈ రెండింటిలోనూ అన్ని ఆటలూ నడిపించగలగాలి కాబట్టి మీలాంటివారికి అవి సహజంగా సరిపోతాయి, జీతంలోనూ భద్రత ఎక్కువ. ఎన్.ఐ.ఎస్. డిప్లొమా దారి వేరు; అది మిమ్మల్ని ఒక ఆటకు కోచ్‌ను చేస్తుంది. కోచ్ కావాలని ఉంది అన్నప్పుడు మీ మనసులో ఈ రెండింటిలో ఏది ఉందో ముందు మీకే తేలాలి. ఉద్యోగ భద్రతే ముఖ్యమైతే బి.పి.ఇడి. వైపు వెళ్లడంలో చిన్నతనం ఏమీ లేదు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడై, భారత ఫుట్‌బాల్ జట్టుకు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ మనిషే.

ఇక మూడు ఆటలు ఆడటం నాకు కోచింగ్‌లో ఎక్కడ అక్కరకు వచ్చిందో చెబుతాను. కబడ్డీలో కూతకు వచ్చిన మనిషి చేతులను, కళ్లను నమ్మకూడదు. అవి మోసం చేస్తాయి. నడుము ఎటు తిరిగితే మనిషి అటే వెళుతుంది. వాలీబాల్‌లో బ్లాక్ వేసే, అంటే నెట్ దగ్గర చేతులెత్తి బంతిని ఆపే, అమ్మాయిలు చేసే మొదటి పొరపాటు కూడా ఈ జాతిదే. కొట్టేవారికి బంతి అందించే సెట్టర్ చేతి నుంచి బంతి లేచాక కూడా వారి చూపు బంతి వెంటే పోతుంది, తీరా దూకి బంతిని కొట్టే స్పైకర్ ఎటు కొట్టబోతున్నదో ఆమె భుజం, ఆమె పరుగు చెబుతుంటే వాటిని చూడరు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. అందుకని వారానికి ఒకటి రెండుసార్లు వార్మప్‌లో వారిచేత కబడ్డీ ఆడిస్తాను. ముట్టుకోవడం వరకే, పట్టు లేదు, ఎందుకంటే మా కోర్టు సిమెంటుది. ఎదుటి మనిషి నడుమును చూడటం అలవాటైన పిల్లలకు నెట్ దగ్గర నిలబెట్టి భుజం చూడమంటే వెంటనే అర్థమవుతుంది. మోకాళ్లు వంచి కిందకు కూర్చున్నట్టుగా నిలబడటం కూడా అలాగే వస్తుంది. వాలీబాల్ మాత్రమే ఆడిన పిల్లలు బంతి లేపేటప్పుడు నడుము వంచుతారు, మోకాలు వంచరు.

బాల్ బ్యాడ్మింటన్ ఇచ్చింది వేరే విద్య. కోర్టు 24 మీటర్లు పొడవు, 12 మీటర్లు వెడల్పు, ఆడేది అయిదుగురు. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పే, పైగా మనుషులు ఆరుగురు. అంతంత ఖాళీలు ఉన్నచోట ఆడినవారికి, పక్కమనిషి కదిలితే తాము ఎటు జరగాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇద్దరి మధ్య పడే బంతి ఎవరిదన్న పేచీ మా జట్టులో తక్కువ. ఆ సాధన నేను అయిదుగురి ఆట నుంచి తెచ్చుకున్నదే.

అన్నీ కలిసిరావు. రాకెట్ పొడవుకు అలవాటైన చేయి వాలీబాల్ స్పైక్‌లో బంతికి దూరంగా ఆగిపోతుంది, మోచేయి పైకి లేవదు, మణికట్టుతో తిప్పబోతే బంతి నెట్‌లో పడుతుంది. నాకు అది పోవడానికి చాలా కాలం పట్టింది, ఇప్పుడు నా దగ్గరకు రాకెట్ ఆటల నుంచి వచ్చే ప్రతి పిల్లలోనూ అదే చూస్తాను. అలాగే సెట్టర్ ఆలోచనలోని లోతు, అంటే ఏ స్కోరు దగ్గర ఎవరికి బంతి ఇవ్వాలి, ఎదుటి బ్లాకర్‌ను ఎలా కదిలించాలి అన్నది, చిన్నప్పటి నుంచి ఆ ఒక్క ఆటే ఆడినవారికి ఒంట్లో ఉంటుంది. పాటియాలాలో నా బ్యాచ్‌లో అటువంటివారు చాలామంది ఉన్నారు. నేను దాన్ని వారి ఆట చూసి, నోట్సు రాసుకుని, రాత్రి మెస్‌లో వారిని ప్రశ్నలతో వేధించి నేర్చుకున్నాను. మూడు ఆటల మనిషికి ఈ వెలితి ఉంటుంది, దాన్ని ఏదో ఒక దశలో కూర్చుని పూడ్చుకోవాల్సిందే.

నేను ఆడిన వాలీబాల్, నేర్పుతున్న వాలీబాల్ ఒకటి కాదు. మేము ఆడేటప్పుడు సెట్ 15 పాయింట్లకు, మొదటి నాలుగు సెట్లలో సర్వీసు చేసే జట్టుకే పాయింటు. ఆ తర్వాత ప్రతి ర్యాలీకీ పాయింటు వచ్చే 25 పాయింట్ల పద్ధతి వచ్చింది, 1998లో లిబెరో అనే, నెట్ దగ్గర దూకనక్కర్లేకుండా బంతి లేపే వెనుక వరుస క్రీడాకారిణి స్థానం అంతర్జాతీయ నిబంధనల్లో చేరింది. ఈ రెండో మార్పు మన అమ్మాయిలకు పెద్ద మేలు చేసిందని నా అభిప్రాయం. మహిళల నెట్ ఎత్తు 2.24 మీటర్లు; అయిదడుగుల పిల్లకు ఇంతకుముందు ఈ ఆటలో చోటే దొరికేది కాదు. నా దగ్గర మంచి లిబెరోలుగా తేలినవారు ఇద్దరూ పొట్టివారే. ఒకరు ఖోఖో నుంచి, ఒకరు కబడ్డీ నుంచి వచ్చారు. నిలబడినచోటు నుంచి ఒక్కసారిగా కదలడం, నేల మీద పడి వెంటనే లేవడం వారికి నేను నేర్పలేదు.

రహీం గారు తన ఫుట్‌బాల్ కుర్రవాళ్లకు డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టి పాస్ ఇవ్వడం నేర్పేవారని చెబుతారు. నా పద్ధతి కూడా కొంతవరకు అదే దారి: దూకకూడదని గానీ, వేళ్లు వాడకూడదని గానీ ఒక షరతు పెట్టి ఆడిస్తే, పిల్లలు తమంతట తాము దారి వెతుక్కుంటారు. వేరే ఆటలు ఆడిన కోచ్‌కు ఇటువంటి షరతులు తడుముకోకుండా దొరుకుతాయి, ఎందుకంటే ప్రతి ఆటా దానికదే ఒక షరతుల కట్ట.

అమ్మాయిలకు నేర్పాలనుకుంటే ఇంకొక విషయం కూడా మనసులో పెట్టుకోండి. దూకి దిగే, హఠాత్తుగా దిక్కు మార్చే ఆటల్లో ఏసీఎల్ అనే మోకాలి లిగమెంటు తెగే ప్రమాదం అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఎక్కువని క్రీడా వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతున్నదా అన్నది నేను స్పైక్ ఎంత బలంగా ఉందన్నదాని కంటే ముందు చూస్తాను. మీరు ఆడే హ్యాండ్‌బాల్‌లోనూ ఇది పెద్ద సమస్యే.

రోజువారీ జీవితం గురించి కూడా అడిగారు. తెల్లవారుజామున గ్రౌండ్, సాయంత్రం మళ్లీ గ్రౌండ్, పండగ సెలవుల్లో టోర్నమెంట్లు. మొదట్లో నేను ఒక శిక్షణ కేంద్రంలో కాంట్రాక్టు మీద పనిచేశాను. గౌరవ వేతనం నెలల తరబడి ఆలస్యమయ్యేది, ఇంట్లో అడిగి తీసుకోవలసి వచ్చేది. ఇప్పటికీ చాలామంది కొత్త కోచ్‌ల స్థితి దీనికి దూరంగా లేదు. మహిళా కోచ్‌కు పని ఇంకొంత పెరుగుతుంది. పిల్ల చీకటి పడకుండా ఇంటికి చేరిందా, రైల్లో ఎవరి పక్కన పడుకుంది, నెలసరి రోజున మ్యాచ్ ఉంటే ఎలా, పొట్టి నిక్కరు వేసుకోవడానికి వాళ్ల నాన్న ఒప్పుకున్నారా, అన్నీ మన దగ్గరకే వస్తాయి. "మేడం వస్తున్నారంటేనే పంపిస్తాం" అన్న మాట విన్నప్పుడు సంతోషంగానూ ఉంటుంది, భారంగానూ ఉంటుంది. అత్తవారింటి సంగతి అందరికీ ఒకేలా ఉండదు కాబట్టి రాయను. నాకు మా అత్తయ్యగారే అండ.

అన్నిటికంటే నాకు కష్టమనిపించింది ఆడటం మానేసి చూడటం. లైను బయట నిలబడి, మనం అయితే తీసేవాళ్లం అనిపించే బంతి కిందపడుతుంటే నోరు మెదపకుండా ఉండాలి. మూడు ఆటలు ఆడినవారికి ఆడాలన్న కోరిక కూడా మూడింతలు ఉంటుంది. ఆదివారాలు నేను ఇప్పటికీ వెటరన్లతో బాల్ బ్యాడ్మింటన్ ఆడతాను, అందువల్లే మిగిలిన రోజుల్లో నోరు అదుపులో ఉంటోందని మా ఇంట్లోవాళ్ల నమ్మకం.

మీ మూడింటి విషయానికి వస్తే, అథ్లెటిక్స్, హ్యాండ్‌బాల్, ఖోఖో మూడింటిలోనూ ఎన్.ఐ.ఎస్. డిప్లొమాలు నడిచాయి కాబట్టి నాకు వచ్చిన చిక్కు మీకు రాకపోవచ్చు; అయినా ఏ ఆటలు, ఏ కేంద్రంలో, ఏ అర్హతతో అన్నది ఏటా వచ్చే ప్రకటన చూసి నిర్ధారించుకోండి. ఖోఖోలో మీరు ఇప్పటికే విశ్వవిద్యాలయ జట్టులో ఉన్నానన్నారు, హ్యాండ్‌బాల్‌లో ఇంకా కళాశాల స్థాయి దాటలేదన్నారు. నేనైతే ఈ రెండేళ్లూ క్యాంపుల తేదీలు ఢీకొన్న ప్రతిసారీ ఖోఖోకే వెళ్లమంటాను, మిగిలిన సమయంలో మూడూ ఆడమంటాను. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ముగిసిన నెలలోపే విశ్వవిద్యాలయ క్రీడా విభాగానికి వెళ్లి, పోటీలో పాల్గొన్న సర్టిఫికెట్‌తో పాటు, స్పోర్ట్స్ కోటాకు అడిగే ఫారం-3 మీద కూడా సంతకం, ముద్ర వేయించుకోండి. అధికారులు మారిన తర్వాత పాత ఏడాది రికార్డు వెతికించి సంతకం తీసుకోవడం చాలా కష్టమవుతుంది.